అమ్మానాన్నలే ఎందుకు పంపిస్తారు?

చిన్నీ, బాబీ,

మొన్న టీవీలో బంగాళదుంపలు ఏరుతున్న సిరియా పిల్లల్ని చూసి, "వాళ్ళ అమ్మానాన్నలే ఎందుకు పంపిస్తారు అమ్మమ్మా?" అని అడిగావు బాబీ. "పేదరికంరా" అనేసి ఊరుకున్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ చేలు లెబనాన్‌లోని బెకా లోయవి. 2011లో సిరియాలో యుద్ధం మొదలయ్యాక లక్షలమంది ప్రాణాలు చేతబట్టుకుని సరిహద్దు దాటారు. లెబనాన్ ప్రభుత్వం వాళ్ళకు శిబిరాలు కట్టలేదు. చాలామంది పొలాల్లోనే గుడారాలు వేసుకున్నారు, దానికీ అద్దె. దేశంలో ఉండటానికి అనుమతి పత్రం కావాలి. 2015లో పెద్దవాళ్ళకు తలకు ఏడాదికి 200 డాలర్లు పెట్టారు. అది కట్టలేని నాన్న రోడ్డెక్కితే తనిఖీలో పట్టుకుంటారని భయం. పదేళ్ళ పిల్లాణ్ణి సాధారణంగా ఆపరు. పైగా పిల్లలకు కూలి తక్కువ. నాన్న గుడారంలో, కొడుకు చేలో ఉండటానికి కారణం ఇదీ, నాన్నకు ప్రేమ లేక కాదు.

గుడారాల మీద పెత్తనం చేసేవాణ్ణి అక్కడ షావీష్ అంటారు. అద్దె బాకీ, సరుకుల అప్పు అతని దగ్గరే. కూలీలను పంపేదీ, కూలిలో వాటా పట్టుకునేదీ అతనే. ఇది తెలిశాక నాకు మన రెడ్‌హిల్స్ అవతలి ఇటుక బట్టీలు గుర్తొచ్చాయి. ఒడిశా నుంచి మేస్త్రి దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. నేను టీచరుగా ఉన్నప్పుడు అలా వచ్చిన ఒక పిల్ల బడికి వారానికి రెండు రోజులే వచ్చేది. మిగతా రోజులు ఎండలో పచ్చి ఇటుకలు తిరగేసేది. వెట్టిచాకిరీని 1976లోనే రద్దు చేసిన దేశం మనది!

పిల్లలతో చేయించే అతి దారుణమైన పనుల్ని నిషేధించే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం 1999లో వచ్చింది. మనం 2017లో ఒప్పుకున్నాం, 2020కల్లా ఆ సంస్థలోని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. అది అవసరమే. కానీ లెబనాన్‌లో అక్కరకొచ్చినవి చిన్న పనులు. ప్రభుత్వ బళ్ళు సిరియా పిల్లల కోసం మధ్యాహ్నం రెండో షిఫ్టు నడిపాయి. బడికి పంపే కుటుంబాలకు యూనిసెఫ్ వాళ్ళు కొన్ని జిల్లాల్లో నెలనెలా కొంత డబ్బిచ్చి చూస్తే, పిల్లలు బడికి వచ్చే రోజులు పెరిగాయి. ఆ నాన్నలకు పత్రం, పని కూడా దొరికితే ఇంకెంత బాగుండేదో అనిపిస్తుంది నాకు.

మీ వీధి టీ కొట్లో గ్లాసులు కడిగే అబ్బాయి గురించి చెప్పావు కదా చిన్నీ, అమ్మ చేత పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయించు. వాడి పేరేమిటో, ఏ ఊరి నుంచి వచ్చాడో కూడా మెల్లగా అడుగు.

మీ అమ్మమ్మ,
పెరంబూరు, చెన్నై