ఎలక్ట్రిక్ గిటార్‌లో కిల్ స్విచ్: అపోహలు – వాస్తవాలు

అమెరికన్ గిటారిస్ట్ బకెట్‌హెడ్ గిటార్ మీద కిల్ స్విచ్ బటన్ నొక్కుతూ వాయించే వీడియో చూసి, "అన్నా, నా గిటార్‌కీ అది పెట్టు" అని తిరుపతిలో నా బెంచీ దగ్గరికి వచ్చే కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు. నొక్కినంతసేపూ గిటార్ గమ్మున ఉంటుంది, వదలగానే మళ్ళీ పలుకుతుంది. తాళానికి తగ్గట్టు టకటకా నొక్కితే ఒకే స్వరం ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ఇంత చిన్న స్విచ్ చుట్టూ ఉన్న అపోహలు మాత్రం చిన్నవి కావు.

అపోహ: సిగ్నల్ వైరు కోసి మధ్యలో స్విచ్ పెడితే చాలు.

ఇంట్లో లైటు స్విచ్ అలాగే ఉంటుంది కాబట్టి అందరికీ ముందు తోచేది ఇదే. గిటార్‌లో అలా చేస్తే, నొక్కినప్పుడు ఆంప్‌కి (యాంప్లిఫయర్‌కి) వెళ్ళే కేబుల్ అవతలి కొస దేనికీ తగలకుండా ఉండిపోతుంది. ఆంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి అది చూపే నిరోధం, చాలా ఎక్కువ, సాధారణంగా 1 మెగా ఓమ్ దాకా ఉంటుంది. కొస తెగిన వైరు అక్కడ యాంటెన్నాలా పనిచేసి, చుట్టుపక్కల కరెంటు వైర్ల 50 హెర్ట్జ్ హమ్ మొత్తం లాగేస్తుంది. నిశ్శబ్దం రావాల్సిన చోట బుర్రుమంటుంది.

అసలు పద్ధతి దీనికి తలకిందులు. ఏ వైరూ కోయక్కర్లేదు. నొక్కితేనే కలిసే రకం, అంటే నార్మల్లీ ఓపెన్ పుష్ బటన్ తీసుకోండి. దాని ఒక కాలికి జాక్ (కేబుల్ గుచ్చే చోటు) టిప్ లగ్, అంటే సిగ్నల్ కొస నుంచి, ఇంకో కాలికి స్లీవ్ లగ్, అంటే గ్రౌండ్ కొస నుంచి వైర్లు లాగి సోల్డర్ చేయండి. నొక్కినప్పుడు సిగ్నల్ గ్రౌండ్‌లో కలిసిపోతుంది, ఆంప్‌కి ఏమీ వెళ్ళదు. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) రకం గిటార్‌లో జాక్ గిన్నె ఇరుకు. అక్కడ చెయ్యి పట్టకపోతే వాల్యూమ్ పాట్ (నాబ్ కింది భాగం) మధ్య కాలి నుంచి ఒకటి, పాట్ వీపు మీది గ్రౌండ్ నుంచి ఒకటి తీసుకున్నా అదే పని జరుగుతుంది. బిగించే ముందు బటన్‌ని మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి చూడండి. నొక్కకుండానే బీప్ వస్తే అది ఉల్టా రకం, అంటే నార్మల్లీ క్లోజ్డ్. దాన్ని పెడితే మీ గిటార్ నొక్కితేనే పలుకుతుంది.

అపోహ: గ్రౌండ్‌కి షార్ట్ చేస్తే పికప్ కాలిపోతుంది.

తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే కాయిలే పికప్. వాల్యూమ్ నాబ్ సున్నాకి తిప్పినప్పుడూ గిటార్ అవుట్‌పుట్ రోజూ ఇలాగే గ్రౌండ్‌లో కలుస్తోంది. గట్టిగా మీటినా మామూలు పికప్ ఇచ్చేది వోల్టు అటూఇటూ. దాని కాయిల్ నిరోధమే కొన్ని వేల ఓమ్‌లు. ఇక కాలడానికి కరెంటు ఎక్కడుంది? షార్ట్ అనగానే టెన్షన్ పడటం ఇంట్లో ఫ్యూజు కొట్టేసిన అనుభవం వల్ల వచ్చింది.

9 వోల్టుల బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లకైతే ఒక జాగ్రత్త ఉంది. బ్యాటరీ వైరులో స్విచ్ పెట్టకండి, నొక్కినప్పుడల్లా స్పీకర్ ధబ్ మంటుంది. వాటి జాక్‌కి మూడు లగ్గులు ఉంటాయి. రింగ్ లగ్ బ్యాటరీ నెగటివ్‌ది, దాని జోలికి పోవద్దు.

అపోహ: ఎక్కువ ఆంపియర్ల స్విచ్ అయితే ఎక్కువ కాలం వస్తుంది.

కాలింగ్ బెల్ స్విచ్ తెచ్చి "ఇది గట్టిది అన్నా, 6 ఆంపియర్లు" అనేవాళ్ళు ఉన్నారు. కరెంటు స్విచ్‌లలో కాంటాక్టులు ఎక్కువగా వెండి మిశ్రమంతో చేస్తారు. గాలికి వాటి మీద సన్నని పొర కడుతుంది. 230 వోల్టులు ఆ పొరను ఛేదించుకుని పోతాయి, గిటార్ సిగ్నల్‌కి ఆ శక్తి లేదు. అందుకే కొన్నాళ్ళకి ఒక నొక్కు పడుతుంది, ఒకటి పడదు, మధ్యలో కరకర. చెమట చేతులు తగిలే మన ఎండల్లో ఈ తంతు ఇంకా తొందరగా మొదలవుతుంది. చిన్న సిగ్నళ్ళకి బంగారు పూత కాంటాక్టులున్న బటన్ మంచిది. ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్ళే పని ఉంటే అక్కడ నొక్కి చూసి తెచ్చుకోండి. వేలికి తెలిసే ఆ స్పర్శ ఆన్‌లైన్ ఫొటోలో కనిపించదు.

సైజు సంగతి కూడా చూసుకోవాలి. మామూలు చిన్న బటన్‌కి 12 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది, వీడియో గేమ్ బటన్‌కి 24 లేదా 30 కావాలి. స్ట్రాట్ బాడీ మందమే సుమారు 45 మిల్లీమీటర్లు, లోపలి గుంత లోతు అంతకన్నా తక్కువ. బటన్ కిందికి ఎంత దిగుతుందో కొలవకుండా డ్రిల్లు పట్టుకోవద్దు. లెస్ పాల్ లాంటి రెండు వాల్యూమ్‌ల గిటారైతే అసలు రంధ్రమే వద్దంటాను. ఒక వాల్యూమ్ సున్నా చేసి, పికప్ మార్చే టాగుల్ స్విచ్‌ని అటూ ఇటూ కొట్టండి. గిటారిస్ట్ టామ్ మొరెల్లో పేరు తెచ్చుకున్న విద్యల్లో ఈ టాగుల్ ఒకటి.

అపోహ: స్విచ్ పెడితే టోన్ తగ్గుతుంది.

తగ్గదు. తెరిచి ఉన్న స్విచ్ కలిపే కెపాసిటెన్స్ (టోన్‌ని తగ్గించేది ఇదే) కొద్ది పికోఫారడ్‌లు. మీటరు కేబుల్‌కే సుమారు వంద ఉంటుంది.

అపోహ: నొక్కితే మొత్తం శబ్దం ఆగిపోతుంది.

ఆగేది గిటార్ నుంచి వెళ్ళేది మాత్రమే. డిలే, రివర్బ్‌లో అప్పటికే చేరిన శబ్దం సాగుతూనే ఉంటుంది, ముక్కల మధ్య ఖాళీ పూడిపోతుంది. తేటగా కొట్టినట్టు రావాలంటే వాటిని తగ్గించి డిస్టార్షన్ పెంచండి. ఆంప్ సొంత బుస కూడా పోదు. నొక్కినప్పుడల్లా టప్ మంటే గిటార్ కేబుల్ నేరుగా వెళ్ళే మొదటి పెడల్‌ని తీసేసి చూడండి. కొన్ని పెడళ్ళ ఇన్‌పుట్ నుంచి కాస్త డీసీ వెనక్కి లీకవుతుంది.

అపోహ: కిల్ స్విచ్ ఉంటే షాక్ కొట్టదు.

ఈ నమ్మకం మాత్రం ప్రమాదకరం. చాలా గిటార్లలో తీగలు బ్రిడ్జి ద్వారా ఎప్పుడూ కేబుల్ షీల్డుకి, అక్కడి నుంచి ఆంప్ చాసిస్‌కి కలిసే ఉంటాయి. బటన్ నొక్కినా ఆ దారి తెగదు. గంగమ్మ జాతరకో, చవితి పందిరికో వేసే స్టేజీ మీద ఎర్త్ పిన్ను విరిగిన ఎక్స్‌టెన్షన్ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. తీగల మీద చెయ్యి ఉండగా పెదవి మైకుకి తగిలి జిల్లుమందంటే ఎర్త్ లేనట్టే. ప్లగ్గులు మార్చి చూడటం, మైకుకి రుమాలు చుట్టి నెట్టుకురావడం చేయకండి. వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్త్ సరిచేయించండి, స్టేజీ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉందో లేదో అడగండి.