జపనీస్ పేజీలో చైనీస్ అక్షరాలు: బ్రౌజర్ ఫాంట్లపై అపోహలు - వాస్తవాలు

జపాన్ క్లయింట్లకు వెబ్‌సైట్లు చేసే టీముల దగ్గరికి ఎప్పుడో ఒకప్పుడు ఈ బగ్ వచ్చి తీరుతుంది: "అక్షరాలు చైనీస్‌లా కనిపిస్తున్నాయి." మన టెస్టర్‌కి మాత్రం అంతా బాగానే ఉంటుంది. ఆ భాష రాని కంటికి తేడా తెలియదు మరి. ఫ్రంటెండ్ పనిలో ఇలాంటి బగ్గులు చూస్తుంటాను. ప్రతిసారీ వినిపించే మాటలు ఇవి.

అపోహ: డేటాబేస్‌లోనో ఎన్‌కోడింగ్‌లోనో (అక్షరాల్ని కోడ్లుగా దాచే పద్ధతి) ఏదో పాడైంది.

వాస్తవం: పాడైతే ప్రశ్నార్థకాలో పిచ్చి గుర్తులో కనిపిస్తాయి. ఇక్కడ అక్షరం కోడ్ (కంప్యూటర్‌లో దాని సంఖ్య) సరైనదే, గీసిన రూపం పక్క దేశానిది. చైనా, జపాన్, కొరియాలు వాడే హాన్ (చైనాలో పుట్టిన) అక్షరాల్ని యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల అక్షరాలకూ కోడ్లిచ్చే ప్రమాణంలో, ఒకే కోడ్ కింద కలిపేశారు. 1992లో అలా 20,902 అక్షరాలు చేరాయి. తెలుగు, కన్నడ లిపులు ఎంత దగ్గరివైనా 'క' అక్షరానికి రెండింట్లో వేర్వేరు కోడ్లున్నాయి కాబట్టి ఈ తలనొప్పి మనకు అలవాటు లేదు. 'ఎముక' అనే అక్షరాన్నే చూడండి. చైనాలో దానికి 9 గీతలు, పైభాగం లోపలి చిన్న మూల ఎడమవైపు ఉంటుంది. జపాన్‌లో 10 గీతలు, ఆ మూల కుడివైపు. కోడ్ మాత్రం ఒక్కటే.

అపోహ: వాక్యాన్ని బట్టి బ్రౌజరే భాష కనిపెడుతుంది.

వాస్తవం: అది చూసేది లాంగ్ యాట్రిబ్యూట్‌ని, అంటే పేజీ ఏ భాషలో ఉందో హెచ్‌టీఎంఎల్‌లో మనం రాసే గుర్తుని. అందులో పనికొచ్చే సమాచారం లేకపోతే, యూజర్ బ్రౌజర్‌లో పెట్టుకున్న భాషల వరుస, సిస్టమ్ భాష లాంటివి చూసి ఊహిస్తుంది. అందుకే టోక్యోలో జపనీస్ విండోస్ ఉన్నవాళ్లకి పేజీ చక్కగా వస్తుంది. అదే ఆఫీసులో లాప్‌టాప్‌ని ఇంగ్లిష్‌లో పెట్టుకున్న మేనేజర్‌కి చైనీస్ రూపాలు రావచ్చు. ఒకప్పుడు షిఫ్ట్-జిస్ (జపనీస్), జీబీ2312 (చైనీస్) లాంటి ఎన్‌కోడింగ్ పేరే భాష ఏదో సూచించేది. అన్ని భాషలకూ వాడే యూటీఎఫ్-8లో ఆ ఆధారం లేదు.

అపోహ: లాంగ్ పెట్టాం కదా, ఇంకేం కావాలి?

వాస్తవం: ఏం పెట్టారో ఒకసారి చూడండి. ఎక్కువసార్లు కనిపించేది ఇంగ్లిష్ టెంప్లేట్‌లోని 'ఈఎన్' అలాగే మిగిలిపోవడం. తర్వాతది 'జేపీ'. అది దేశం కోడ్. జపనీస్ భాష కోడ్ 'జేఏ'. చైనీస్‌కి 'సీఎన్' పెట్టడమూ ఇలాంటి తప్పే. చైనీస్ భాష కోడ్ అయిన 'జెడ్‌హెచ్' ఉత్తగా పెట్టినా చాలదు. సరళ లిపి అయితే 'హాన్స్', సాంప్రదాయ లిపి అయితే 'హాంట్' జోడించాలి. ఒకే పేజీలో రెండు భాషలుంటే ఏ ముక్కకి ఆ ముక్కకి విడిగా చెప్పాలి.

అపోహ: ఫాంట్ ఫ్యామిలీలో (పేజీ రూపం రాసే సీఎస్ఎస్‌లో ఇచ్చే ఫాంట్ల జాబితా) మొదటి పేరే పేజీ అంతటికీ వర్తిస్తుంది.

వాస్తవం: ఎంపిక అక్షరం అక్షరానికీ జరుగుతుంది. సరళ చైనీస్ పేజీలో జపనీస్ ఫాంట్ ముందుంటే, ఉమ్మడి అక్షరాలు దాని నుంచి, చైనాలో మాత్రమే వాడేవి ఇంకో ఫాంట్ నుంచి వస్తాయి. ఒకే వాక్యంలో కొన్ని అక్షరాలు లావుగా, కొన్ని సన్నగా కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. పైగా జాబితాలో మెయిరియో (విండోస్‌లోని జపనీస్ ఫాంట్) అని రాసినంత మాత్రాన అది వచ్చేయదు. ఇంగ్లిష్ విండోస్ 10లో జపనీస్ అదనపు ఫాంట్లు వేసుకుంటేనే అది ఉంటుంది. సీఎస్ఎస్ ముట్టుకునే ముందు క్రోమ్ డెవ్‌టూల్స్‌లో (పేజీ లోపలి వివరాలు చూపే పనిముట్లు) కంప్యూటెడ్ ట్యాబ్ అడుగున 'రెండర్డ్ ఫాంట్స్' చూడండి. నిజంగా గీసిన ఫాంట్ పేరు అక్కడ దొరుకుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఫాంట్స్ ప్యానెల్ ఉంది. నా లెక్కలో సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

అపోహ: నోటో సాన్స్ సీజేకే (చైనీస్, జపనీస్, కొరియన్‌లకు కలిపి చేసిన ఫాంట్) వేసేస్తే గొడవ ఉండదు.

వాస్తవం: ఫాంట్‌లో అక్షరం లేనప్పుడు వచ్చే ఖాళీ డబ్బాల గొడవ పోతుంది, అంతే. గూగుల్, అడోబీ 2014లో విడుదల చేసిన ఈ ఫాంట్‌లో అన్ని ప్రాంతాల రూపాలూ ఉన్నాయి. వాటిలో ఏది గీయాలో చెప్పడానికి మళ్లీ లాంగే కావాలి.

అపోహ: లాంగ్ 'జేఏ' అయితే జపనీస్ పేర్లన్నీ సరిగ్గా వస్తాయి.

వాస్తవం: టోక్యోలోని కత్సుషికా వార్డు, నారా ప్రాంతంలోని కత్సురాగి నగరం పేర్లలో మొదటి అక్షరం కోడ్ ఒకటే, కానీ అధికారికంగా రాసే రూపాలు వేరు. 2004లో కంప్యూటర్ అక్షరాలకు జపాన్ పెట్టుకున్న ప్రమాణం 168 అక్షరాల రూపాల్ని మార్చింది, విండోస్ విస్టా నుంచి ఫాంట్లూ మారాయి. కాబట్టి పాత, కొత్త ఫాంట్ల మధ్య కూడా తేడా వస్తుంది. కచ్చితంగా ఒక రూపమే కావాలంటే అక్షరం వెనక వేరియేషన్ సెలెక్టర్ (ఏ రూపం గీయాలో చెప్పే, కంటికి కనిపించని కోడ్) చేర్చాలి, దాన్ని ఆ ఫాంట్ గుర్తించాలి కూడా. ఇలాంటి ఫిర్యాదు పేరు మీద వస్తే ఏ రూపం కావాలో క్లయింట్‌నే అడగండి. సీఎస్ఎస్‌లో దానికి జవాబు దొరకదు.