వెనక సీట్లు తీసి అరుగు వేస్తే

స్పోర్ట్స్ కారులో వెనక సీట్లు ఉన్నాయంటే ఉన్నాయి, అంతే. పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, తల వెనకద్దానికి ఆనుతుంది. కంపెనీలు ఈ ఏర్పాటును 2+2 అంటాయి. ఆ ప్లస్ అవతల ఉన్న రెండు సీట్లలో ఎక్కువ రోజులు ప్రయాణం చేసేవి ఓ బ్యాగు, ఓ కోటు, మరిచిపోయిన గొడుగు. అందుకే కొందరు వాటిని విప్పేసి, ఆ చోట చదునుగా ఒక అరుగు వేయించుకుంటారు. ప్లైవుడ్ పలక, దాని మీద కార్పెట్, నాలుగు బోల్టులు. చూడటానికి ఒక పూట వడ్రంగం పని. లెక్క వేయడం మొదలుపెడితేనే తిరకాసు తెలుస్తుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో ఎస్‌సీసీఏ అనే స్పోర్ట్స్ కార్ల క్లబ్బు నడిపే పందేల్లో 1960లలో ఫోర్డ్ మస్టాంగ్‌ను స్పోర్ట్స్ కారుగా లెక్కించాలంటే దానికి రెండే సీట్లుండాల్సి వచ్చేది. పందెం కార్లు తయారుచేసే కరోల్ షెల్బీ బృందం 1965లో మస్టాంగ్‌నే మార్చి తెచ్చిన జీటీ350లో వెనక సీటు పీకేసి, ఆ చోట ఫైబర్‌గ్లాస్ అర అమర్చి, దాని మీద స్పేర్ టైరు బిగించింది. నిబంధన తీరిపోయింది. 1990ల మజ్దా ఆర్‌ఎక్స్-7 జపాన్‌లో బుల్లి వెనక సీట్లతో అమ్ముడైతే, అమెరికా వెళ్లిన కార్లలో అదే చోట సామాను అరలు వచ్చాయి. పోర్షే 911 వాళ్లది మధ్యే మార్గం. సీటు వీపు ముందుకి మడిస్తే అదే అరుగు అవుతుంది.

సీట్లు తీసేసేవాళ్లను ఎందుకని అడిగితే మొదట వచ్చే జవాబు ‘బరువు తగ్గుతుంది’ అని. తగ్గుతుంది, కాదనను. ఎంత? చిన్న వెనక సీట్ల జత 15 కిలోలు, కారు 1500 కిలోలు అనుకుందాం. అంటే ఒక శాతం. అదే ఇంజన్ బలంతో 5 సెకన్లలో 100 కి.మీ. వేగం అందుకునే కారు ఇప్పుడు 4.95 సెకన్లలో అందుకుంటుంది. 20 లీటర్ల పెట్రోలు బరువు కూడా దాదాపు 15 కిలోలే. ట్యాంకు సగం ఖాళీగా పెట్టుకుని తిరిగినా ఇదే ఫలితం, స్పానరు పట్టుకోనక్కర్లేదు. పైగా కొత్త అరుగుకీ బరువుంటుంది కాబట్టి నికరంగా మిగిలేది పది కిలోల లోపే. పందెం కార్లలో ప్రతి భాగం దగ్గరా ఇలా గ్రాములు ఏరుకుంటూ పోతారు కాబట్టి అక్కడ దీనికి అర్థముంది. రోడ్డు మీద తిరిగే కారుకి మాత్రం ఇది మనసుకి తృప్తి, అంతకు మించి కాదు.

అసలు లాభం చదునైన చోటు దొరకడమే. అసలు చిక్కు కూడా ఆ చదునుదే.

సీటును ఒకసారి పక్కనుంచి చూడండి. కూర్చునే భాగం ముందు అంచు ఎత్తుగా, వెనక అంచు పల్లంగా ఉంటుంది. మనిషి జారిపోకుండా పెట్టిన వాలు అది. దాని మీద పెట్టిన సంచికీ అదే మేలు చేస్తుంది. ఎంత మేలో ఇంట్లోనే కొలవచ్చు. ఒక పలక మీద కార్పెట్ ముక్క పరిచి, అట్టపెట్టె పెట్టి, పలక ఒక కొస మెల్లగా పైకెత్తండి. ఫోన్లో వాలు చూపించే యాప్ పలకకి ఆనించి ఉంచండి. కాసేపు ఏమీ జరగదు. తర్వాత పెట్టె మూల కొద్దిగా కదిలి, ఉన్నట్టుండి సర్రున జారిపోతుంది. ఆ క్షణంలో యాప్ 22 డిగ్రీలు చూపించిందనుకోండి. ఆ కోణపు టాంజెంట్ 0.4. కార్పెట్‌కీ పెట్టెకీ మధ్య రాపిడి గుణకం అదే.

దీన్నిప్పుడు కారులోకి తీసుకెళ్దాం. చదును అరుగు మీద ఆ పెట్టె, బ్రేకు 0.4 జి దాటగానే జారుతుంది. జి అంటే గురుత్వ త్వరణం, కింద పడే వస్తువు వేగం పెరిగే రేటు. 15 డిగ్రీల వాలున్న సీటు మీద, అదే కార్పెట్ పరిచి, అదే పెట్టె పెడితే? ఇప్పుడు రెండు కోణాలూ కలుస్తాయి. 22, 15 కలిపి 37 డిగ్రీలు, దాని టాంజెంట్ 0.75. అంటే దాదాపు రెట్టింపు బ్రేకు వేసేదాకా పెట్టె కదలదు. కుక్క అడ్డొచ్చి కాస్త గట్టిగా తొక్కితే 0.5 జి వరకూ వెళ్తుంది. సరిగ్గా ఆ తేడాలోనే సీటు మీద పెట్టె నిలబడుతుంది, అరుగు మీద పెట్టె బయలుదేరుతుంది.

పొడి రోడ్డు మీద మంచి టైర్లున్న కారు 1 జి దాకా బ్రేకు పట్టగలదు. అప్పుడు సీటు మీదిదీ జారుతుంది. కానీ అది ముందు సీటు వెనక, కాళ్లు పెట్టుకునే గుంటలో పడి అక్కడే ఆగిపోతుంది. అరుగు వేసేటప్పుడు మనం మొదట మూసేసేది ఆ గుంటనే. ఇక జారిన వస్తువుకి దారి రెండు ముందు సీట్ల మధ్య సందులోంచే. నీళ్ల సీసా అలా దొర్లుకుంటూ వచ్చి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటే అంతకన్నా టెన్షన్ ఉండదు. మలుపుల్లోనూ అంతే. సీటులోని పల్లం పక్కకి పోకుండా పట్టుకుంటుంది, అరుగుకి ఆ పల్లం ఉండదు.

ఇదంతా మామూలు డ్రైవింగ్ సంగతి. గంటకి 50 కి.మీ. వేగంతో పోతూ దేన్నైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగితే, సగటున 14 జి. పది కిలోల పెట్టె ఆ క్షణంలో 140 కిలోల బరువులా లాగుతుంది. కట్టకుండా వదిలేస్తే కారు ఆగినా పెట్టె ఆగదు, అదే 50 కి.మీ. వేగంతో ముందుకొస్తుంది. పది మీటర్ల ఎత్తునుంచి, అంటే సుమారు మూడంతస్తుల మేడ మీదనుంచి, ఆ పెట్టె పడితే ఎంత దెబ్బో అంత దెబ్బ.

కాబట్టి కట్టాలి. దేనికి కట్టాలన్నదే ప్రశ్న. అరుగు పలకకే నాలుగు కొక్కేలు స్క్రూలతో బిగించి, వాటికి పట్టీలు కట్టడం నేను చూసిన పొరపాట్లలో మొదటిది. గట్టిగా లాగితే ప్లైవుడ్‌లోంచి స్క్రూ పొట్టుతో సహా ఊడొస్తుంది. సీట్లు తీశాక మిగిలిన సీటు బెల్టు బోల్టు రంధ్రాలు దీనికి సరైన చోటు. ఐక్యరాజ్యసమితి 14వ నంబరు వాహన నిబంధన ప్రకారం కార్లలో భుజం పట్టీని, నడుం పట్టీని ఒక్కోదాన్ని 13,500 న్యూటన్ల బలంతో లాగి ఆ బిగింపులను పరీక్షిస్తారు. మన పెట్టె లాగే 140 కిలోలంటే సుమారు 1400 న్యూటన్లు, పదో వంతు. ఒక జాగ్రత్త. చాలా కార్లలో ఆ బోల్టుల మర 7/16 అంగుళాలది. చూపుకి 12 మి.మీ. బోల్టులాగే ఉంటుంది. అది దూర్చి తిప్పారో, మర పోతుంది.

కొత్తగా రంధ్రాలు వేయాలనిపిస్తే ముందు కింద ఏముందో చూడాలి. ముందు ఇంజన్ ఉన్న చాలా కార్లలో వెనక సీటు కిందే పెట్రోలు ట్యాంకు ఉంటుంది. సీటు తీయగానే కనిపించే గుండ్రటి మూత పెట్రోలు పంపుది. పసుపు కనెక్టర్ ఉన్న వైరు కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగు లేదా బెల్టు బిగించే పరికరానికి చెందినది. తెలిసినవాళ్లు లేకుండా దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. రిజిస్ట్రేషన్‌లో సీట్ల సంఖ్య, ఇన్సూరెన్సు సంగతులు దేశాన్నిబట్టి మారతాయి, ముందే కనుక్కోవాలి.

పలక దేంతో చేయాలి? అల్యూమినియం అనగానే ఆధునికంగా అనిపిస్తుంది గానీ, ఇక్కడ నా ఓటు చెక్కకే. మీటరు పొడవు, 60 సెం.మీ. వెడల్పు ఉన్న 12 మి.మీ. ప్లైవుడ్ పలక 4.7 కిలోలుంటుంది. అదే కొలతల్లో 3 మి.మీ. అల్యూమినియం రేకు 4.9 కిలోలు. బరువు దాదాపు సమానం. పదార్థంగా అల్యూమినియం గట్టిదే, ప్లైవుడ్‌కన్నా ఎనిమిది తొమ్మిది రెట్లు బిగువు. కానీ పలక వంగకుండా నిలవడం దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. నాలుగు రెట్లు మందమంటే 64 రెట్లు. లెక్క తేల్చితే అదే బరువుకి ప్లైవుడ్ అరుగు ఏడు రెట్లు తక్కువ వంగుతుంది.

సీట్లతోపాటు పోయేది ఇంకొకటుంది, నిశ్శబ్దం. సీటు స్పాంజిలోని సన్నటి రంధ్రాల్లో గాలి అటూఇటూ కదులుతూ రాపిడికి గురై, శబ్దం కాస్తా వేడిగా మారిపోతుంది. పది సెంటీమీటర్ల స్పాంజి సెకనుకి వెయ్యి కంపనాలు, ఆ పైన ఉండే శబ్దాలను బాగా మింగుతుంది. టైర్ల సుయ్‌మనే మోత అందులోదే. 100 కంపనాల ఇంజన్ గుర్రు తరంగం 3.4 మీటర్ల పొడవు, దాన్ని సీటూ ఆపలేదు. కొత్త బాధ ఏమిటంటే, బోలు గుంట మీద పలక బిగిస్తే అది డోలు. గుంట నిండా పాత స్పాంజి ముక్కలు కుక్కి, కింది రేకుకి తారు షీటు అంటిస్తే చాలావరకు సద్దుమణుగుతుంది.

ఇక జారుడు సంగతి. అరుగు ముందు అంచును 5 డిగ్రీలు ఎత్తి బిగిస్తే, పెట్టె కదిలే బ్రేకు 0.4 జి నుంచి 0.5 జికి పెరుగుతుంది. 60 సెం.మీ. లోతున్న అరుగుకి ఇది ఐదు సెంటీమీటర్ల ఎత్తు, రెండు చెక్క ముక్కల పని. ముందంచుకి ఓ చిన్న గట్టు, పక్కలకి కాస్త మెత్త కూడా వేస్తే ఇంకా నయం. మరో పది డిగ్రీలు ఎత్తితే, విప్పి గ్యారేజీలో పెట్టిన సీటు వాలు మళ్లీ వచ్చేసినట్టే.