రోబోటిక్స్ పోటీలు: బల్లకు ఇటూ అటూ నిలబడి చూసిన అపోహలు, వాస్తవాలు

ఏడో తరగతిలో, 2017 చివర్లో, మొదటిసారి రోబోటిక్స్ పోటీ బల్ల ముందు నిలబడ్డాను. ఇప్పుడు బెంగళూరులోనే ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పోటీపడే వయసు దాటిపోయింది కాబట్టి బల్లకు అవతలి వైపు చేరాను. ఒకసారి రిఫరీగా, ఇంకోసారి రోబోలను తనిఖీ చేసే వాలంటీరుగా పనిచేస్తుంటాను. ఆదివారాలు మారతహళ్లి దాటాక ఉన్న ఒక ప్రభుత్వ బడిలో పిల్లలకు నేర్పుతాను. మా చుట్టుపక్కల మదనపల్లె, అనంతపురం, నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎవరింటికి వెళ్లినా కాఫీ గ్లాసు చేతికిచ్చి, "మావాణ్ని కూడా రోబోటిక్స్‌లో చేర్పించమంటావా అమ్మా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వెనక ఉండే నమ్మకాల్లో కొన్ని నిజం కావు. వాటిని ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను.

నాకు దగ్గరగా తెలిసినవి రెండు పోటీలు. అమెరికాలో డీన్ కామెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ అనే సంస్థ వాటిని నడుపుతుంది. చిన్నపిల్లలకు ఫస్ట్ లెగో లీగ్, పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఫస్ట్ టెక్ ఛాలెంజ్. లెగో లీగ్‌లో, ఒకదానికొకటి బిగించే లెగో ప్లాస్టిక్ ముక్కలతో చేసిన రోబో, బల్ల మీద పరిచిన మ్యాట్‌పై చిన్నచిన్న పనులు చేసి పాయింట్లు సాధించాలి. 2004లో మొదలైన వరల్డ్ రోబో ఒలింపియాడ్‌లో నేను ఆడలేదు గాని, ఆడిన స్నేహితులు ఉన్నారు.

అపోహ: ఖరీదైన కిట్ ఉన్నవాళ్లే గెలుస్తారు

డబ్బు ప్రసక్తే లేదని చెప్పను. కిట్ కొనాలి, నమోదు రుసుము కట్టాలి, పోటీ వేరే ఊళ్లో ఉంటే ప్రయాణ ఖర్చులు పెట్టుకోవాలి. చాలా ఇళ్లకు అది బరువే. కానీ డబ్బున్న జట్టు అడ్డూ అదుపూ లేకుండా దూసుకుపోకుండా నియమాలే ఆపుతాయి. లెగో లీగ్ రోబోకు నాలుగు మోటార్లకు మించి పెట్టకూడదు, లెగో భాగాలు తప్ప వేరేవి వాడకూడదు. లెగో సంస్థ 2022 చివరితో మైండ్‌స్టార్మ్స్ అనే రోబో కిట్ల వరుసను ఆపేసింది. ఆ తర్వాత కూడా ఆ వరుసలోని పాత ఈవీ3 కిట్‌తో వచ్చి, కొత్త స్పైక్ ప్రైమ్ కిట్ ఉన్న జట్ల కంటే ఎక్కువ పాయింట్లు సాధించిన పిల్లల బల్ల దగ్గర నేనే రిఫరీగా నిలబడ్డాను.

బల్ల కొనాల్సిన పని అసలే లేదు. ప్లైవుడ్ దుకాణంలో దొరికే ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు పలక ఒక్కటి చాలు. దాని అంచుల మీద ఒకటిన్నర అంగుళం మందం ఉన్న చెక్కబద్దలు బిగిస్తే లోపల 93 అంగుళాల పొడవు, 45 అంగుళాల వెడల్పు మిగులుతుంది. పోటీ మ్యాట్ అందులో చక్కగా పడుతుంది. మా మొదటి బల్లను హిందూపురం నుంచి వచ్చిన వడ్రంగి ఒకాయన చేసిపెట్టారు. పని అయ్యాక కూడా అరగంట నిలబడి రోబో తిరగడం చూశారు.

ఆ బల్లే ఇప్పుడు నేను నేర్పే బడిలో ఉంది. అక్కడి పిల్లల్లో సగానికి పైగా భవన నిర్మాణ కూలీల పిల్లలు. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు కాబట్టి పాఠం తెలుగులోనే సాగుతుంది. మేము ఇచ్చిన పాత కిట్ తప్ప వాళ్లకు వేరే సామగ్రి లేదు. ఒక దశలో రోబో ఎంత సరిచేసినా ఎడమకు లాగుతూ ఉండేది. రెండు ఆదివారాలు ప్రోగ్రాములో అంకెలు మార్చాం. ఫలితం లేదు. మూడో ఆదివారం ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు సంచిలో పారదర్శకంగా ఉండే సన్నని ప్లాస్టిక్ గొట్టం తెచ్చాడు. వాళ్ల నాన్న తాపీ మేస్త్రీ. గొట్టంలో నీళ్లు నింపి ఒక కొసను బల్లకు ఈ చివర, రెండో కొసను ఆ చివర పట్టించాడు. గోడకు మట్టం చూసే పద్ధతి అది. నీటి గీతల మధ్య వేలి మందమంత తేడా వచ్చింది. బల్ల ఒక పక్కకు వాలి ఉంది. నాకు రసమట్టం అనే పనిముట్టు తెలుసు, కాలేజీ ప్రయోగశాలలో వాడాను కూడా. అయినా రెండు వారాల్లో ఒక్కసారీ బల్లను అనుమానించలేదు.

కాలి కింద అట్టముక్కలు మడిచి పెట్టాం. సమస్య మొత్తం పోలేదు. మిగిలిన వంకర ఎడమ చక్రం ఇరుసు వదులుగా ఉండటం వల్ల వచ్చిందని ఇంకో వారానికి తేలింది. అది కూడా పిల్లలే పట్టుకున్నారు. మీటలు ఎలా పనిచేస్తాయో చెప్పబోతే, గడ్డపార కింద రాయి పెట్టి బండను లేపడం గురించి వాళ్లే నాకు వివరించారు. కిట్ ధర గురించి ఎవరైనా అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ నీళ్ల గొట్టం.

ప్రభుత్వ సాయం గురించి కూడా తెలుసుకోవాలి. నీతి ఆయోగ్ కింద అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016లో మొదలైంది. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ఉన్న బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్, అంటే పిల్లలు పరికరాలతో సొంతంగా ప్రయోగాలు చేసుకునే గది, పెట్టడానికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. మీ పిల్లల బడిలో ఆ గది ఉందేమో అడగండి. ఉండి తాళం వేసి ఉంటే, ఎందుకు వేశారో కూడా అడగండి.

అపోహ: కోడింగ్ బాగా వచ్చినవాళ్లకే ఇది

లెగో లీగ్‌లో ప్రోగ్రామును రంగురంగుల దిమ్మెల్లాంటి ఆదేశాలు పేర్చి రాస్తారు. పదేళ్ల పిల్లలు ఒక మధ్యాహ్నంలో పట్టుకుంటారు. కష్టం వేరేచోట ఉంది. ఒకసారి పనిచేసిన రోబో పదిసార్లూ అలాగే పనిచేయాలి. చక్రాలను సెకన్ల లెక్కన నడిపితే బ్యాటరీ దిగినప్పుడు రోబో కాస్త ముందే ఆగిపోతుంది. అందుకే చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకోవాలి. తరగతి గదిలో నల్లగీతను చక్కగా గుర్తించిన కాంతి సెన్సార్, వేదిక మీది దీపాల కింద తడబడుతుంది. చక్రాలకు దుమ్ము అంటితే మలుపు తప్పుతుంది. ఒక్కో ఆట రెండున్నర నిమిషాలు. మూడు ఆటల్లో అత్యధిక స్కోరును తీసుకుంటారు. ఏదైనా పనిని పదిసార్లు ప్రయత్నిస్తే ఎనిమిదిసార్లయినా సాధించాలి, లేకపోతే దాన్ని వదిలేయాలని మా జట్టులో కట్టుబాటు ఉండేది. ఇష్టపడి చేసుకున్న రోబో చేతిని తీసేయాల్సి వచ్చినప్పుడు బాధగా ఉండేది, కానీ తీసేసేవాళ్లం.

అపోహ: అమ్మాయిలకు ఇదెందుకు

మా పెదనాన్న నా చేతిలో స్క్రూడ్రైవర్ చూసి ఈ మాటే అన్నారు. దీనికి వాదన అక్కర్లేదు. మా టెక్ ఛాలెంజ్ జట్టులో రోబో అస్థిపంజరం మొత్తం చేసింది ముగ్గురు అమ్మాయిలం.

అపోహ: పెద్దవాళ్లు కాస్త చేయి వేస్తే తప్పేముంది

ఈ విషయంలో నేను గట్టిగా మాట్లాడతాను. తల్లిదండ్రులు, కోచ్‌లు ప్రేమతోనే చేస్తారని నాకు తెలుసు. కానీ ఆ సాయం పోటీ రోజున పిల్లల మీదే పడుతుంది. బల్లకు ఒక్కో పక్క ఇద్దరేసి పిల్లలు మాత్రమే నిలబడాలి, పెద్దవాళ్లు దూరంగా ఉండాలి. న్యాయనిర్ణేతల గదిలో జవాబులు పిల్లలే చెప్పాలి. "ఈ గేరు ఇక్కడ ఎందుకు పెట్టారు?" అని అడిగితే, దాన్ని తన చేత్తో పెట్టిన పాప ముందు పెట్టిన గేరు ఎందుకు పనిచేయలేదో కూడా చెబుతుంది. వేరేవాళ్లు పెట్టి ఇస్తే తలుపు వైపు చూస్తుంది. ఆ చూపు నేను చాలాసార్లు చూశాను.

రిఫరీగా ఒకసారి చాలా అందమైన యంత్రాన్ని చూశాను. ఆట మధ్యలో దాని చేతి నుంచి చిన్న పిన్ను ఊడి మ్యాట్ మీద పడింది. అది ఏ రంధ్రంలోదో ఆ పక్కనున్న ఇద్దరు పిల్లలకూ తెలియలేదు. మిగిలిన నిమిషంన్నర దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డారు. రిఫరీ సాయం చేయకూడదు. నేను చేయలేదు. ఆ నిమిషంన్నర నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది.

మా నాన్న బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యాలో లేతు పని చేస్తారు. లోహం గురించి ఆయనకు తెలిసినంత మా కోచ్‌కు కూడా తెలియదు. ఏడో తరగతిలో నేను చేసిన లిఫ్టు ఎత్తు పెరిగే కొద్దీ ఊగేది. నాన్న వచ్చి చూసేవారు, చేతులు వెనక్కి కట్టుకునేవారు, "ఊగుడు ఎక్కడ మొదలవుతోందో వేలు పెట్టి చూడు" అనేవారు. అంతకుమించి ఒక్క మాట కూడా చెప్పేవారు కాదు. నాకు కోపం వచ్చేది. పోటీలో ఆ లిఫ్టు రెండు ఆటల్లో విఫలమైంది, కానీ ఎందుకు విఫలమైందో న్యాయనిర్ణేతలకు నేనే చెప్పగలిగాను.

వరల్డ్ రోబో ఒలింపియాడ్‌లో పోటీ రోజు ఉదయాన ఒక కొత్త నియమం ప్రకటించే పద్ధతి ఉంది. ముందుగా ఎవరో చేసిపెట్టిన రోబో, బట్టీపట్టిన ప్రోగ్రాము అప్పుడు ఆదుకోవు.

మరి పెద్దలు ఏం చేయాలి? బ్యాటరీలు చార్జింగ్‌లో పెట్టామా అని గుర్తుచేయండి. తినడానికి ఏమైనా చేసి పంపండి. మెట్రో స్టేషన్ దాకా దింపండి. రాత్రి భోజనం దగ్గర ఇవాళ ఏం చెడిపోయిందో అడిగి, మొత్తం వినండి.

అపోహ: రోబో బాగా ఆడితే చాలు

లెగో లీగ్‌లో ఇప్పుడు నాలుగు భాగాలను సమానంగా చూస్తారు: రోబో ఆట, రోబో రూపకల్పన, ఆవిష్కరణ ప్రాజెక్టు, జట్టుగా మెలిగిన తీరు. నేను మొదట ఆడిన సీజన్ అంశం నీరు. ఆ రోజుల్లో బెల్లందూరు చెరువు నురగ గాలికి రోడ్డు మీదకు వచ్చేది. ఆ చెరువులో మంటలు కూడా లేచాయి. మేము చెరువును బాగుచేసే మహా పథకంతో మొదలుపెట్టి, చివరకు మా అపార్టుమెంటు దగ్గర ఆగాం. ఇంట్లో నీళ్ల ఫిల్టరు ఒక బిందె మంచినీళ్లు ఇచ్చేలోపు పారబోసే గొట్టం నుంచి ఎన్ని నీళ్లు పోతున్నాయో కొలిచాం. మా ఇంట్లో రెండు బిందెలు దాటింది. ఆ నీళ్లను పట్టి ఇల్లు తుడవడానికి వాడేలా ఏర్పాటు చేశాం. మా అమ్మ ఇప్పటికీ అలాగే చేస్తుంది.

అపోహ: పక్క జట్టు మనకు శత్రువు

టెక్ ఛాలెంజ్‌లో రెండు జట్లు కలిసి ఒక పక్షంగా ఆడతాయి. మొదటి 30 సెకన్లు రోబో తనంతట తాను నడవాలి, తర్వాతి రెండు నిమిషాలు పిల్లలు నడుపుతారు. ఈ ఆటలో ఎదుటి పక్షంలో ఉన్నవాళ్లే తర్వాతి ఆటలో మన పక్కన నిలబడవచ్చు. వాళ్ల రోబో చెడిపోతే మనకే నష్టం. మాకు ఒకసారి మోటారు తీగ తెగితే, అంతకుముందు మమ్మల్ని ఓడించిన చెన్నై జట్టు తమ దగ్గరున్న అదనపు తీగ ఇచ్చింది. తిరిగొచ్చాక మేము బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డులో అలాంటివి అర డజను కొని, వేరే జట్లకు ఇవ్వడానికే ఒక డబ్బాలో పెట్టుకున్నాం. ఎంఐటీ ఆచార్యుడు వుడీ ఫ్లవర్స్ గట్టిగా పోటీపడుతూనే ఎదుటివాళ్లను గౌరవించి సాయపడే ఈ నడవడికకు గ్రేషస్ ప్రొఫెషనలిజం అని పేరు పెట్టారు. లెగో లీగ్‌లో ప్రతి ఆట దగ్గరా రిఫరీ దానికి విడిగా మార్కు వేస్తారు.

అపోహ: వాలంటీరు పని సర్టిఫికెట్ కోసమే

సర్టిఫికెట్ ఇస్తారు. కానీ ఆ రోజు పని తెల్లవారుజామునే మొదలవుతుంది. అంతకుముందు వారాల్లో నియమాల పుస్తకం చదివి, శిక్షణ పూర్తిచేయాలి. టెక్ ఛాలెంజ్ తనిఖీలో రోబో మొదట 18 అంగుళాల ఘనంలో పట్టాలి. పదునైన అంచులు, వదులు తీగలు ఉంటే చూపించి, సరిచేసుకోవడానికి సమయం ఇస్తాం. ఎవరినీ ఇంటికి పంపడం మా ఉద్దేశం కాదు. ప్రతి రోబో మైదానంలోకి దిగాలని మేమూ కోరుకుంటాం.

రిఫరీ పని ఇంకా సున్నితమైనది. ఆట ముగిశాక వస్తువులు ఎక్కడ ఉన్నాయన్నదాన్ని బట్టే చాలా పాయింట్లు వస్తాయి. ఒక వస్తువు మ్యాట్‌ను తాకుతోందా లేదా అని తేల్చడానికి మోకాళ్ల మీద కూర్చుని, కన్ను బల్ల ఎత్తుకు తెచ్చి చూస్తాను. అప్పటికీ తేలకపోతే అనుమానపు లాభం జట్టుకే ఇవ్వాలని నియమం. ప్రతి అంశాన్నీ పిల్లలతో కలిసి చూసి, వాళ్లు ఒప్పుకున్నాకే స్కోరు పంపుతాను. వాదించే పిల్లలంటే నాకు ఇష్టం. నియమాన్ని చూపించి వాదిస్తే మరీ ఇష్టం.

అపోహ: పతకం వస్తే ఇంజినీరింగ్ సీటుకు పనికొస్తుంది

జేఈఈ ర్యాంకులో దీనికి ఒక్క మార్కు కూడా కలవదు. ఆ ఆశతో చేర్పిస్తే, పన్నెండో తరగతికి వచ్చేసరికి ఇంట్లో గొడవలు మొదలవుతాయి. నేను పన్నెండులో జట్టు నుంచి తప్పుకుని చదువు మీద కూర్చున్నాను. ఇద్దరు స్నేహితులు చివరిదాకా కొనసాగారు. ముగ్గురమూ ఇప్పుడు ఆదివారాలు అదే బడికి వెళుతున్నాం. వచ్చే వారం బల్లకు నాలుగో కాలు మార్చాలి. కొలతలు పిల్లలు తీసుకుంటున్నారు.