తెరచాప పడవలోంచి మనిషి పడితే

విజయవాడ

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

సెలవుల్లో కృష్ణలో తెరచాప పడవ నడపడం నేర్చుకుంటామని రాశారు, సంతోషం. పడవ నడపడం అక్కడివాళ్లు నేర్పుతారు. నీళ్లలో పడ్డ మనిషిని మళ్లీ పడవలోకి ఎక్కించుకోవడం గురించి నేను రాస్తాను. ఇందులో కష్టం అతని దాకా వెళ్లడం కాదు, పక్కన ఆగడం. తెరచాప పడవకు బ్రేకు ఉండదు కదా!

పడవ 5 నాట్ల వేగంతో పోతోందంటే సెకనుకు రెండున్నర మీటర్లు. అర నిమిషం తడబడ్డారా, 75 మీటర్ల దూరం. అలల్లో అంత దూరాన తల కనపడటం కష్టం. అందుకే "మనిషి పడ్డాడు!" అని అరవడం, లైఫ్‌బాయ్ (నీళ్లలో తేలే చక్రం) విసరడం, ఒకరు వేలితో అతన్నే చూపిస్తూ ఉండటం వెంటవెంటనే జరిగిపోవాలి. చూపించేవాళ్లకు ఇంకో పని చెప్పొద్దు, తాడు పట్టమని కూడా అనొద్దు. భవానీ ద్వీపం మీద చెట్టును గుర్తు పెట్టుకుంటే సరిపోతుందనుకోకండి. ప్రవాహం మనిషినీ పడవనూ కలిపి దిగువకు తీసుకుపోతుంది, చెట్టు అక్కడే ఉంటుంది. లంగరు వేయకూడదన్నదీ ఇందుకే: పడవ ఆగుతుంది, మనిషి కొట్టుకుపోతాడు.

ఇక వెనక్కి తిరగడం. గాలి పక్క నుంచి తగిలేలా నాలుగైదు పడవల పొడవు ముందుకు పోండి. తక్కువైతే తిరగడానికి చోటు చాలదు. అక్కడ పడవ ముక్కును గాలికి ఎదురుగా తిప్పి, అవతలి పక్కకు దాటించండి. దీన్నే ట్యాక్ అంటారు. ముక్కుకు బదులు వెనక భాగం గాలిని దాటేలా తిప్పే జైబ్ జోలికి పోవద్దు. కంగారులో బూమ్, అంటే తెరచాప అడుగున అడ్డంగా ఉండే కర్ర, అటు నుంచి ఇటు విసురుగా వచ్చి ఎవరి తలకైనా తగులుతుంది, చిన్న పడవైతే బోల్తా కూడా పడొచ్చు.

తిరిగాక నేరుగా మనిషి మీదికి రాకండి. గాలి పోయే వైపుకు కాస్త దిగి, అక్కడి నుంచి గాలికి ఏటవాలుగా అతని వైపు ఎక్కి రండి. మీ బ్రేకు ఇదే. తెరచాప తాడు వదిలితే గుడ్డ రెపరెపలాడి పడవ నెమ్మదిస్తుంది, లాగితే మళ్లీ కదులుతుంది. వదిలినా గుడ్డ గాలి పట్టుకునే ఉందంటే మీరు బాగా పైన, అంటే గాలి వచ్చే వైపున ఉన్నారన్నమాట; ఇంకొంచెం కిందికి దిగి మళ్లీ రండి. ఈ ఒక్కచోటే ఎక్కువమంది తప్పుతారు, మనిషిని దాటేసి పోతారు.

చిన్న పడవలో అతను గాలి వచ్చే వైపున, తెరచాప స్తంభాన్ని నిలబెట్టే పక్క తీగ దగ్గర ఉండాలి. రెండో వైపునైతే గాలి పడవను అతని మీదికే తోస్తుంది, బూమ్ కూడా అటే ఉంటుంది. వెనక చివర పట్టుకుంటే ముక్కు గాలికి పక్కకు తిరిగి పడవ మళ్లీ పరుగందుకుంటుంది. మోటారు ఉంటే దగ్గరికి రాగానే పూర్తిగా ఆపేయండి, న్యూట్రల్‌లో పెడితే చాలదు.

తడి చేతులు జారతాయి, పట్టుకుని లాగొద్దు. లైఫ్‌జాకెట్ భుజం పట్టీలు రెండూ పట్టుకుని, ఒకసారి కొద్దిగా కిందికి అదిమి, పైకి తేలే ఊపులో లోపలికి దొర్లించండి. బలం చాలకపోతే తాడుకు బౌలిన్ ముడితో (లాగినా బిగుసుకోని ముడి) ఉచ్చు వేసి, రెండో కొసను పడవకు కట్టి, కాలు పెట్టి ఎక్కమనండి.

ఊపిరి ఆడకపోతే ముందు నోటి ద్వారా 5 శ్వాసలు, ఆ తర్వాత ఛాతీ మీద 30 నొక్కులు, 2 శ్వాసలు, అలా ఆపకుండా. ఒకరు 108కి ఫోన్ చేయాలి. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన వైపు అలవాటు, అది మానండి. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తేరుకున్నా ఆసుపత్రిలో చూపించాల్సిందే, ఊపిరితిత్తుల ఇబ్బంది గంటల తర్వాత కూడా బయటపడొచ్చు.

ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్లో మాత్రం నీళ్లలోకి దిగనే వద్దు. 2024 సెప్టెంబర్ వరదలో కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లనే (గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలు) విరగ్గొట్టాయి.

వచ్చేటప్పుడు ఐదు లీటర్ల ఖాళీ క్యాన్ ఒకటి తెచ్చుకోండి. అందులో సగానికి పైగా నీళ్లు నింపి మూత బిగించి, నీళ్లలో విసిరి సాధన చేయాలి. ఉత్త క్యాన్‌ను గాలి తోసుకుపోతుంది, మనిషి అలా పోడు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య