నాయనమ్మ బిస్కెట్ల డబ్బా గురించి మీ ఇద్దరికీ

బుజ్జీ, చిన్నా,

నిన్న ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, సిగ్నల్ ఊరికే తెగిపోతా ఉంది, పైగా మీరు ఇల్లు మారే హడావిడిలో ఉన్నారు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, వాట్సాప్‌లో ఇంత పొడుగుందేంటని వదిలెయ్యకుండా ఇద్దరూ చదవండి. మీ నాయనమ్మ బీరువా పై అరలో బిస్కెట్ల డబ్బా దొరికింది, అందులో తెగిపోయిన జపమాలలు, మెడల్సు, మెడలో వేసుకునే చిన్న గుడ్డముక్కల ఉత్తరీయాలు, ఎండిపోయిన మట్టల సిలువలు, వేళాంగణి నుంచి తెచ్చిన నీళ్ళ సీసా, పక్కనే చెయ్యి విరిగిన మరియమాత స్వరూపం, కొత్త ఫ్లాట్‌కి ఇవన్నీ మోసుకెళ్ళలేము, అలాగని చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రావట్లేదు అమ్మమ్మా అన్నావు బుజ్జీ. చెయ్యి రాకపోవడం చూసి నాకు ఎంత సంతోషమేసిందో. చెయ్యి వచ్చుంటే ఈ ఉత్తరం రాసే అవసరం ఉండేది కాదు, ఆ డబ్బా కూడా ఉండేది కాదు.

ముందు చిన్నోడికి ఒక మాట. స్వరూపం ఇంట్లో పగిలితే అరిష్టం అని ఎవరో అన్నారని భయపడుతున్నావంట. అదేం లేదు నాన్నా. పగిలింది సున్నం బొమ్మ, మరియతల్లి కాదు. 787లో నైసియా ఊళ్ళో జరిగిన బిషపుల మహాసభలోనే పెద్దలు తేల్చి చెప్పారు, స్వరూపానికి చేసే గౌరవం ఆ స్వరూపం ఎవరిదో వాళ్ళకి చేరుతుందని. 1563లో త్రెంతు మహాసభ కూడా, ఆ బొమ్మలో ఏదో దైవత్వం, శక్తి ఉందనుకుని కాదు మనం గౌరవించేది అని చెప్పింది. కాబట్టి భయం అక్కర్లేదు, దిష్టి తియ్యక్కర్లేదు. మరి భయం లేనప్పుడు చెత్తలో వేస్తే ఏంటి అంటావేమో, అక్కడే నేను చెప్పాల్సింది ఉంది.

ఇది మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. నేను కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు తెనాలి దగ్గర కాలువ గట్టు మీద ఉండేవాళ్ళం. ఇంట్లో జోజప్ప గారి, అదే మరియతల్లి భర్త యోసేపు గారి స్వరూపం ఒకటి ఉండేది, జానెడు ఎత్తు, చేతిలో లిల్లీ పువ్వు, ఇంకో చేతిలో బాలయేసు. నేను దుమ్ము దులుపుతుంటే కింద పడి తల ఊడొచ్చింది. మా అత్తగారికి తెలిస్తే ఏమంటుందోనని హడలిపోయి, చుట్టుపక్కల వాళ్ళు వినాయకుణ్ణి నీళ్ళలో కలపడం చూశాను కదా, నేను కూడా అలాగే చేస్తే గౌరవమే కదా అనుకుని చీకటి పడ్డాక తీసుకెళ్ళి కాలువలో వదిలేసి వచ్చా. మట్టి బొమ్మ అయితే కరిగేది. ఇది ప్లాస్టర్, పైన రంగు. ఎండాకాలం కాలువ కట్టేశాక నీళ్ళు తీసి బురద బయటపడింది, అప్పుడు చూశా, బురదలో వెల్లకిలా పడి ఉంది, పంచె మీద రంగు కూడా పోలేదు, పిల్లలు గురి చూసి రాళ్ళేస్తున్నారు. వాళ్ళకేం తెలుసు, పిల్లలు. కాలువలోకి దిగి, మోకాళ్ళ దాకా బురదలో నడిచి తెచ్చుకున్నా. మా అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది. తిట్టలేదు. లోపలికెళ్ళి తన పాత తెల్లచీర ముక్క తెచ్చి, దాంట్లో చుట్టి, దొడ్లో కొబ్బరి చెట్టు మొదట్లో మోచేతి లోతు గుంట తవ్వించి పెట్టి, ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెప్పి మట్టి కప్పించింది. "అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని కదే" అంది, అంతే.

అందుకే మీరు అడిగారని నాకంత సంతోషం.

ఆశీర్వదించిన వస్తువుల్ని గౌరవంగా చూడాలి, మామూలు మనుషుల సొంతమైనా సరే మామూలు పనులకి, తగని పనులకి వాడకూడదు అని 1983లో వచ్చిన మన కతోలిక శ్రీసభ చట్టంలో 1171వ నిబంధన చెప్తుంది. కాల్చాలా పూడ్చాలా అన్నది అందులో రాసి లేదు, అది పెద్దల నుంచి వస్తున్న ఆచారం. అగ్గికి ఇచ్చినా మట్టికి ఇచ్చినా ఒకటే, దాన్ని ఇంకెవరూ తొక్కకూడదు, ఇంకో పనికి వాడకూడదు, అదీ లెక్క. ఫాదర్ గారు ఆశీర్వదించని వస్తువులకి ఈ నియమం లేదు, పెళ్ళి కార్డుల మీద, క్యాలెండర్ల మీద అచ్చేసిన యేసు తిరుహృదయం బొమ్మలు ఇంటికి ఎన్ని వస్తాయో, అవన్నీ దాచలేం. కానీ మీ నాయనమ్మ డబ్బాలో ఏది ఆశీర్వదించిందో ఏది కాదో ఇప్పుడు ఎవరిని అడుగుతాం, అన్నీ ఆశీర్వదించినవే అనుకుని చూడండి.

పారెయ్యడం గురించి ఆలోచించే ముందు ఒకసారి అన్నీ నేల మీద గుడ్డ పరిచి పొయ్యండి. బాగున్నవి పక్కకి తియ్యండి. తెగిన జపమాల అంటే పోయిన జపమాల కాదు, కొక్కెం ఊడితే పట్టుకారుతో నొక్కితే సరిపోతుంది. మీ విచారణలో, అంటే మీ గుడి పరిధిలో, కొత్తగా సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకునే పిల్లలుంటారు, సిస్టర్ గారిని అడిగితే మెడల్సు, జపమాలలు వాళ్ళకిస్తారు. ఊరికే ఇవ్వండి, అమ్మొద్దు. చిన్నా, ఆ ఇత్తడి సిలువ ఆన్‌లైన్‌లో పెడితే డబ్బులొస్తాయి అన్నావంట, వద్దు నాన్నా. జపమాలకో సిలువకో ఉన్న ఇండల్జెన్స్, అంటే పాపాలకి పడే శిక్షలో శ్రీసభ ఇచ్చే మినహాయింపు, ఆ వస్తువు పూర్తిగా నాశనమైనా, అమ్మేసినా పోతుంది, దానంగా ఇస్తే పోదు. ఇత్తడిది కదా, చింతపండుతో తోమి మీ కొత్త ఇంటి గుమ్మం లోపల పెట్టుకోండి.

మట్టల సిలువలు మాత్రం అసలు పారేసేవి కాదు. ఈస్టరుకి ముందు ఆదివారం, మట్టల పండుగ రోజు తెచ్చుకుని పటం వెనక దోపుకున్నవి, మళ్ళీ ఏడాది తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం ముందు ఫాదర్ గారు పాత మట్టలు తెమ్మని చెప్తారు, వాటిని కాల్చిన బూడిదే మన నుదుట పెట్టేది. మీ నాయనమ్మ ఎన్నేళ్ళవి దాచిందో ఆ మట్టలన్నీ ఒక కవర్లో వేసి గుడికి ఇచ్చెయ్యండి. వచ్చే తపస్సు కాలంలో మీ నుదుటి మీద ఆవిడ మట్టలే ఉంటాయి.

నీళ్ళ సీసా సింకులో వంపొద్దు, ఆ నీళ్ళు డ్రైనేజీలోకి పోతాయి. బాల్కనీలో తులసో గులాబీయో ఏదుంటే దాని మొదట్లో పొయ్యండి. ఉత్తరీయాలు గుడ్డవి, ప్రార్థన కాగితాలు, చిరిగిన పటాలు, ఇవి కాల్చొచ్చు, కానీ అపార్ట్‌మెంట్ బాల్కనీలో కాల్చొద్దు, పొగొచ్చి అందరికీ ఇబ్బంది, పైగా గాలికి సగం కాలిన ముక్క ఎగిరి రోడ్డు మీద పడితే మళ్ళీ మొదటికొస్తాం. ప్లాస్టిక్ పూసలు అసలు కాల్చొద్దు, ఆ కంపు మంచిది కాదు, వాటిని పూడ్చడమే. అవన్నీ నా దగ్గరికి తెచ్చెయ్యండి, దొడ్డి ఉంది, పాత కుండ ఉంది, కాల్చి బూడిద కరివేపాకు చెట్టుకి వేస్తా. విరిగిన స్వరూపం కూడా తెండి, విరిగిన చెయ్యి దొరికితే అది కూడా. మా చిన్నప్పుడు అయితే ఫెవిక్విక్ లేదు, మైనంతో అతికించేవాళ్ళం, చూద్దాం, అతుక్కుంటే నేనే ఉంచుకుంటా, లేకపోతే కొబ్బరి చెట్టు ఉంది కదా.

ఇంకోటి, కొంతమంది రాత్రిపూట వెళ్ళి గుడి దగ్గర లూర్దు మాత గుహ ముందు పెట్టేసి వచ్చేస్తారు, గుళ్ళోనే కదా పెట్టాం అని. పొద్దున్నే ఊడ్చేవాళ్ళకి అవన్నీ ఏరుకునే పని. అడక్కుండా అలా చెయ్యొద్దు, ఫాదర్ గారికి చెప్పి, ఆయన తెమ్మంటే చేతికిచ్చి రండి. అలాగే ఆ డబ్బాలో చిన్న కార్డుకి గుడ్డముక్క అంటించి పునీతుల పేరు రాసి ఉంటే అది అవశేషం, అంటే ఆ పునీతుల శరీరానికో బట్టకో సంబంధించిన ముక్క, అయ్యుండొచ్చు, దాన్ని కాల్చడం పూడ్చడం ఏమీ మీరు చెయ్యొద్దు, నేరుగా ఫాదర్ గారికి ఇచ్చెయ్యండి, అవశేషాలు అమ్మడం కూడా శ్రీసభ పూర్తిగా నిషేధించింది.

ఇక అసలు సంగతి. ఆ డబ్బాలో నల్ల పూసల జపమాల ఒకటి ఉండాలి, కొబ్బరిచిప్ప పూసలు, వెతకండి. మూడో పదిలో, అంటే మూడో పది పూసల వరసలో, ఒక పూస ఉండదు, ఆ చోట దారానికి ముడి ఉంటుంది. వదిన గారూ, అదే మీ నాయనమ్మా, నేనూ ఒక ఏడాది ఫిబ్రవరిలో విజయవాడలో గుణదల మాత పండుగకి వెళ్ళాం, కొండ మీదకి ఎక్కుతుంటే ఆ తోపులాటలో ఎవరి చెయ్యో తగిలి దారం తెగి పూసలు మెట్ల మీద పడిపోయాయి. ఇద్దరం జనం కాళ్ళ మధ్య వంగి ఏరుకున్నాం, ఒక్కటి దొరకలేదు. కొత్తది కొనుక్కోండి వదినా అన్నాను, "ఎందుకులే, ముడి పట్టుకుని చెప్తా" అంది. ఆ తర్వాత ఎప్పుడు మీ ఇంటికొచ్చినా చూసేదాన్ని, మూడో పదిలో ఆ ముడి దగ్గరికి రాగానే ఆవిడ వేలు ఒక్క క్షణం ఆగేది. అన్నేళ్ళు అలా తడిమి తడిమి ఆ ముడి నున్నగా అయిపోయుంటుంది.

దాన్ని ఎవరికీ ఇవ్వొద్దు, బాగు చేయించొద్దు, పూస వేయించొద్దు. కాగితంలో విడిగా చుట్టి, బుజ్జీ, నీ బ్యాగులో పెట్టుకుని రా, నేను ఒకసారి చేత్తో పట్టుకుని ఒక జపమాల చెప్పుకుని నీకే తిరిగి ఇచ్చేస్తా.

మీ అమ్మమ్మ