తలుపు బయట నిలబడి గీసిన బొమ్మ

ముస్లిం స్త్రీని బయటివాళ్లు ఎలా చూశారో చెప్పాలంటే ఒక బొమ్మతో మొదలుపెట్టాలి. 1862లో ఫ్రెంచ్ చిత్రకారుడు ఆంగ్ర్ ‘టర్కిష్ స్నానశాల’ అనే బొమ్మ పూర్తి చేశాడు. అప్పటికి ఆయనకు 82 ఏళ్లు. ఆ వయసు కూడా సంతకంతో పాటు బొమ్మ మీద వేసుకున్నాడు. గుండ్రటి చట్రం నిండా బట్టల్లేని ఆడవాళ్లు, ఒకరి మీద ఒకరు వాలి, మత్తులో ఉన్నట్టు. విచిత్రమేమిటంటే ఆంగ్ర్ టర్కీ ఎప్పుడూ వెళ్లలేదు. ఆ స్నానశాల సంగతులు ఆయనకు ఒక పాత ఉత్తరంలో దొరికాయి. అందులోని భాగాలను తన నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకున్నాడు.

ఆ ఉత్తరం రాసింది బ్రిటిష్ రాయబారి భార్య లేడీ మేరీ మాంటెగ్యూ. 1717లో భర్తతో ఆటోమన్ (టర్కీ) రాజధానికి వెళుతూ దారిలో సోఫియా ఊళ్లో ఆడవాళ్ల హమామ్‌కు, అంటే స్నానశాలకు, వెళ్లింది. లోపల అందరూ బట్టల్లేకుండానే ఉన్నారు గానీ ఒక్క వెకిలి నవ్వు, ఒక్క అసభ్యమైన సైగ కూడా కనిపించలేదని రాసింది. వాళ్లు ఆమెను కూడా బట్టలు తీసి తమతో కూర్చోమని బతిమాలారు. ఇక తప్పక ఆమె పైదుస్తులు కాస్త తెరిచి లోపలి కార్సెట్ చూపించింది. నడుమును బిగించి పెట్టే ఆ పంజరాన్ని చూసి వాళ్లకు జాలేసింది. పాపం, మొగుడే ఈమెను ఇందులో పెట్టి తాళం వేశాడు, విప్పుకోవడం ఈమె చేతుల్లో లేదు అనుకున్నారు.

ఆంగ్ర్ ఉత్తరంలోంచి నగ్నత్వాన్ని తీసుకున్నాడు. కార్సెట్‌ను వదిలేశాడు.

ముస్లిం స్త్రీని బయటివాళ్లు మొదటినుంచీ ఇలాగే చూశారా అంటే, కాదు. మధ్యయుగపు ఐరోపా కావ్యాల్లో ఆమె నోరున్న మనిషి. ‘రోలాండ్ గీతం’ అనే పాత ఫ్రెంచ్ కావ్యంలో, స్పెయిన్‌లోని జరగోజాను ఏలే ముస్లిం రాజు భార్య బ్రామిమోండ్ యుద్ధంలో తమను ఆదుకోని దేవుళ్లను దుమ్మెత్తిపోస్తుంది. (ముస్లింలు విగ్రహాలకు మొక్కుతారని ఆ కవి నమ్మకం. ఎంత తెలిసి రాశాడో దీన్నిబట్టే చెప్పొచ్చు.) ఈ గయ్యాళి రాణి జనానాలో పడుకున్న బానిసగా ఎప్పుడు, ఎలా మారిందో మోజా కాఫ్ అనే పరిశోధకురాలు 1999లో ఒక పుస్తకమే రాసింది. ముస్లిం రాజ్యాలు ఐరోపా కంటే బలంగా ఉన్నన్నాళ్లూ వాళ్ల ఆడవాళ్లూ బలంగానే కనిపించారు. బలాబలాలు తారుమారయ్యాక బొమ్మ కూడా మారింది. బొమ్మల్లో జనానా స్త్రీకి వాడే ‘ఒడాలిస్క్’ అనే మాటనే చూడండి. టర్కీ భాషలో ‘ఒడ’ అంటే గది. ‘ఒడలిక్’ అంటే గది పనులు చూసే పనిమనిషి. ఫ్రెంచ్ బొమ్మల్లోకి వచ్చేసరికి ఆమెకు పడుకోవడం తప్ప వేరే పనే లేకుండా పోయింది.

ఫొటోలు వచ్చాక పరిస్థితి మారాలి కదా, కెమెరా అబద్ధం చెప్పదు కదా! 20వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్ పాలనలో ఉన్న అల్జీరియా నుంచి ‘జనానా సుందరి’ పోస్ట్‌కార్డులు కుప్పలుగా వెళ్లేవి. ఇళ్లలోని స్త్రీలు ఫొటోగ్రాఫర్లను లోపలికి రానివ్వలేదు. దాంతో వాళ్లు పేద అమ్మాయిలకు డబ్బులిచ్చి, స్టూడియోలో కిటికీ ఊచలు పెట్టి, వెనక నిలబెట్టి తీశారు. అల్జీరియా రచయిత మాలెక్ అల్లూలా 1981లో ఆ కార్డులన్నీ పోగేసి చూపించాక, వేరు వేరు పేర్లతో అమ్మిన కొన్ని ఫొటోల్లో ఉన్నది ఒకే అమ్మాయి అని కనిపించింది.

అక్కడి నుంచి ఆ బొమ్మ రాజకీయాలకు అక్కరకొచ్చింది. 1883 నుంచి 1907 దాకా ఈజిప్టును చెప్పుచేతల్లో పెట్టుకున్న బ్రిటిష్ అధికారి లార్డ్ క్రోమర్, ముసుగు వల్లే అక్కడి సమాజం వెనకబడిందని రాశాడు. అదే మనిషి ఇంగ్లండ్ తిరిగి వెళ్లి, ఆడవాళ్లకు ఓటు హక్కు వద్దనే మగవాళ్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1958 మేలో అల్జీరియా నగరాల్లో ఫ్రెంచ్ సైన్యం చొరవతో ఆడవాళ్లు జనం ముందు ముసుగులు తీసేసే సభలు జరిగాయి. వాళ్లలో ఒక విద్యార్థిని అంతకుముందు ఎప్పుడూ ముసుగు వేసుకున్నదే కాదు. తీయడం కోసమే ఆ రోజు వేసుకుంది.

ఇదంతా పాశ్చాత్యుల తప్పేనని చేతులు దులుపుకోవడానికి లేదు. ఇరాన్‌లో 1936లో రాజు రెజా షా ముసుగు వేసుకోకూడదని ఆజ్ఞ జారీచేస్తే, పోలీసులు వీధుల్లో లాగేశారు. 1979 విప్లవం తర్వాత వేసుకోకపోతే నేరమైంది. దాని ప్రభావం సినిమాల మీద ఎలా పడిందంటే, ఇరాన్ సినిమాల్లో భార్య సొంత ఇంట్లో, మొగుడి ముందు, పడకగదిలో కూడా తలకు గుడ్డ కట్టుకునే కనిపించాలి. నిజ జీవితంలో ఏ ఇల్లాలూ అలా ఉండదు. ఆంగ్ర్ బొమ్మకు ఇది సరిగ్గా తిరగేసిన బొమ్మ. గదిలో నిజంగా ఏముందో దీనికీ అక్కర్లేదు. ‘1979కి ముందు, తర్వాత’ అంటూ మినీ స్కర్ట్ ఫొటో పక్కన ఒళ్లంతా కప్పే నల్ల చాదర్ ఫొటో పెట్టి షేర్ చేసేవాళ్లు 1936 సంగతి ఎప్పుడూ పెట్టరు.

హిందీ సినిమాల్లో ముస్లిం కుటుంబాల కథలతో ‘ముస్లిం సోషల్’ అనే కోవ ఒకటి ఉండేది. 1960ల నాటి ‘చౌదవీ కా చాంద్’, ‘మేరే మెహబూబ్’ చూస్తే కథ మొత్తం ముసుగు చుట్టూనే తిరుగుతుంది. ఆమె ఎవరో హీరోకి తెలియకపోవడమే అసలు చిక్కు. అయితే వీటికి చాలా ముందే, 1905లో, బెంగాల్‌కు చెందిన రొకెయా హుసేన్ పరదాను తిరగేసి కథ రాసింది. అందులో మగవాళ్లు లోపల, ఆడవాళ్లు బయట. దేశం హాయిగా నడుస్తూ ఉంటుంది.

ఇక ఒక ముఖం సంగతి చెప్పాలి. 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రంగా పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో తీసిన అఫ్గాన్ అమ్మాయి ఫొటో వేశారు. ఆకుపచ్చ కళ్లు. ప్రపంచమంతా గుర్తుపట్టే ముఖం అది. ఫొటో తీసినాయన ఆమె పేరు రాసుకోలేదు. 2002లో వెతికి పట్టుకునేదాకా ఆమె పేరు షర్బత్ గులా అని లోకానికి తెలియదు. ఆ ఫొటో ఒకటుందని అప్పటిదాకా ఆమెకీ తెలియదు.

ఆ వెతుకులాటకు కొద్ది నెలల ముందే, 2001 నవంబరులో, అమెరికా అధ్యక్షుడి భార్య లారా బుష్ రేడియోలో మాట్లాడుతూ ఉగ్రవాదం మీద పోరాటం స్త్రీల హక్కుల పోరాటం కూడా అంది. తాలిబన్లు ఆడవాళ్లను పెట్టిన హింస నిజమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ మాట, అమెరికా సైన్యం అఫ్గానిస్తాన్‌లో యుద్ధం చేస్తున్న ఆ నెలలోనే ఎందుకు గుర్తొచ్చింది? ముస్లిం స్త్రీలను నిజంగా ‘కాపాడాలా’ అని మానవశాస్త్రవేత్త లీలా అబూ-లుగోద్ 2002లో అడిగిన ప్రశ్న ఈ సందర్భంలోనిదే. అదే ఏడాది అమెరికా బొమ్మల కథల సంస్థ మార్వెల్ కామిక్స్‌లోకి డస్ట్ అనే అఫ్గాన్ అమ్మాయి వచ్చింది. ఇసుకగా మారిపోయే శక్తి ఉంది. అయినా బానిసల వ్యాపారుల నుంచి ఒక మగ హీరో ఆమెను తప్పించాల్సి వచ్చింది.

పన్నెండేళ్లకు, 2014లో, అదే మార్వెల్ నుంచి కమలా ఖాన్ కథలు సొంత పుస్తకంగా మొదలయ్యాయి. న్యూజెర్సీలో పెరిగిన పాకిస్తానీ కుటుంబపు పిల్ల. రచయిత్రి విల్లో విల్సన్, ఎడిటర్ సనా అమానత్, ఇద్దరూ ముస్లిం స్త్రీలే. తేడా మొదటి పేజీల్లోనే తెలుస్తుంది. కమలా హిజాబ్ వేసుకోదు, స్నేహితురాలు నకియా వేసుకుంటుంది. ఇంట్లో బలవంతమా అని తోటి విద్యార్థిని ఒకమ్మాయి జాలిగా అడుగుతుంది. మా నాన్న తీసేయమనే అంటున్నాడు, ఇది నాలుగు రోజుల సరదా అనుకుంటున్నాడు అని నకియా జవాబు.